నేల లోపల కాలిన కార్బన్: నార్త్‌వెస్ట్ టెరిటరీస్ 2014 కార్చిచ్చుపై కేస్ స్టడీ

2014 వేసవిలో కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో దాదాపు 28.5 లక్షల హెక్టార్ల అడవి కాలిపోయింది. ఆ ఒక్క సీజన్‌లో గాల్లో కలిసిన కార్బన్ 9.43 కోట్ల టన్నులని తర్వాత క్షేత్ర కొలతల మీద లెక్క తేలింది. కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి చెబితే సుమారు 34.6 కోట్ల టన్నులు. హెక్టారుకి సగటున 33 టన్నుల కార్బన్ పోయిందన్నమాట. అడవుల కార్బన్ లెక్కలు కట్టే మాలాంటివాళ్ళం ఈ అంకెలు చూడగానే అడిగే ప్రశ్న ఒకటే. ఇదంతా మళ్ళీ అడవిలోకి వస్తుందా? వస్తే ఎన్నేళ్ళకి?

పాత జవాబు చాలా సులువు. బోరియల్ అడవికి, అంటే ఉత్తరాది చలి ప్రాంతాల అడవికి, నిప్పు కొత్త కాదు. కాలుతుంది, మొలుస్తుంది, నూరేళ్ళు తిరిగేసరికి మళ్ళీ అంతే కార్బన్ కూడబెడుతుంది. మా మోడళ్ళలో చాలావాటికి ఈ నమ్మకమే పునాది. 2014లో కాలిన చోట్ల నుంచి వచ్చిన డేటా ఈ నమ్మకం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో విడమరిచి చూపించింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మొదట చెప్పే కేసు ఇదే.

కార్బన్ ఎక్కడుంది

కెనడా, అలాస్కా, రష్యా, స్కాండినేవియా మీదుగా భూగోళాన్ని చుట్టిన ఈ అడవుల్లో మొత్తం 27,200 కోట్ల టన్నుల దాకా కార్బన్ ఉందని 2011లో ప్రపంచ అడవులన్నిటి మీద చేసిన అంచనా ఒకటి చెప్పింది. ప్రపంచ అడవుల కార్బన్‌లో ఇది దాదాపు మూడో వంతు. అందులో 60 శాతం నేలలో ఉంది. బతికి ఉన్న చెట్లూ మొక్కల్లో ఉన్నది 20 శాతమే. ఉష్ణమండల అడవుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ 56 శాతం చెట్లలో, 32 శాతం నేలలో.

కారణం చలి. ఇక్కడ ఎక్కువగా ఉండే నల్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కింద నాచు దట్టంగా పెరుగుతుంది. ఏటా పైన కొత్త నాచు, కింద చచ్చిన నాచు, మధ్యలో రాలిన సూదులు, సన్నటి వేళ్ళు. చలికీ తేమకీ ఇవేవీ సరిగ్గా కుళ్ళవు. అలా పొర మీద పొర పేరుకుని, ఖనిజ మట్టి పైన పది సెంటీమీటర్లు, ఇరవై, కొన్నిచోట్ల ముప్పై దాటి మెత్తటి సేంద్రియ పొర తయారవుతుంది. దాని మీద నడిస్తే కాలు దిగబడుతుంది. పక్కనున్న స్ప్రూస్ చూడబోతే మనిషి చేతి మందం కూడా ఉండదు, వయసు మాత్రం నూరేళ్ళు ఉంటుంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో కనిపించేది ఆ చెట్టే కాబట్టి అడవంటే అదే అనుకుంటాం. లెక్కలో బరువు తూగేది మాత్రం కాలి కింద ఉన్న పొర.

నిప్పు వచ్చినప్పుడు ఈ పొర మొత్తం కాలదు. పైన ఎండిన భాగం కాలుతుంది. కింద తడిగా, చల్లగా ఉన్న భాగం బతికిపోతుంది. దాని మీద మళ్ళీ నాచు పెరుగుతుంది. తర్వాతి నిప్పు వచ్చేలోగా పైన పేరుకున్నది వడ్డీ అనుకుంటే, కింద మిగిలిపోయినది అసలు. ప్రతి నిప్పూ వడ్డీ తీసుకుపోయి అసలుని వదిలేసినంతకాలం అడవి కార్బన్‌ని కూడబెడుతూనే ఉంటుంది. వేల ఏళ్ళుగా జరిగింది ఇదే. పాత నిప్పులు తప్పించుకుని మిగిలిన ఈ కార్బన్‌ని లెగసీ కార్బన్ అంటారు.

2014 మంటలు వడ్డీతో ఆగాయా, అసలుని కూడా ముట్టుకున్నాయా అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

ఎంత లోతు కాలిందో ఎలా తెలుస్తుంది

కాలిపోయిన దాన్ని కొలవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. ముందెంత ఉందో ఎవరూ కొలిచి పెట్టుకోలేదు. మిగిలింది మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ నల్ల స్ప్రూసే సాయం చేస్తుంది.

నాచు పైపైకి పెరిగేకొద్దీ చెట్టు మొదలు అందులో కూరుకుపోతుంది. చెట్టు ఊరుకోదు, కాండం నుంచే కొత్త వేళ్ళు వేస్తుంది. ఇవి సేంద్రియ పొర పైభాగంలోనే, ఉపరితలానికి కొద్ది సెంటీమీటర్ల కింద ఉంటాయి. నిప్పు పోయాక వెళ్ళి చూస్తే నల్లగా మాడిన కాండం మీద, ఇప్పటి నేలకి పైన, గాల్లో తేలుతున్నట్టు ఈ వేళ్ళ మొండాలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన ఉన్న మొండెం నుంచి ఇప్పటి నేల దాకా స్కేలు పెట్టి కొలుస్తారు. కాలని అడవిలో ఈ వేళ్ళు ఉపరితలానికి ఎంత కింద ఉంటాయో ముందే కొలిచి పెట్టుకుని, ఆ కొద్ది దూరాన్ని కలుపుతారు. వచ్చిన మొత్తం కాలిన లోతు. ఒక ప్లాటులో, అంటే కొలతకి ఎంచుకున్న చిన్న అడవి ముక్కలో, ఒక చెట్టుతో సరిపెట్టకుండా చాలా చెట్లకి ఇలా చేసి సగటు తీస్తారు. జాక్ పైన్ చెట్లకి ఈ వేళ్ళు ఉండవు. అక్కడ అలాంటి నేలే ఉన్న కాలని అడవితో పోల్చి అంచనా వేయాల్సిందే.

లోతు తెలిశాక దాన్ని కార్బన్‌గా మార్చాలి. ఇక్కడ కొత్తవాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అర్థం కావడం కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. పై 5 సెంటీమీటర్లు వదులుగా ఉన్న నాచు, ఘన సెంటీమీటరుకి 0.03 గ్రాములు. కింది 5 సెంటీమీటర్లు కుదించుకుపోయిన పాత పొర, ఘన సెంటీమీటరుకి 0.1 గ్రాము. రెండింటిలోనూ కార్బన్ 45 శాతం. అప్పుడు పై పొర పూర్తిగా కాలితే చదరపు మీటరుకి 0.68 కిలోలు పోతుంది. కింది పొర కూడా కాలితే అదనంగా 2.25 కిలోలు. అవే 5 సెంటీమీటర్లు, నష్టం మాత్రం మూడు రెట్లకి పైన. కాబట్టి "ఎన్ని హెక్టార్లు కాలింది" అన్న అంకె ఒక్కటే చేతిలో పెట్టుకుని కార్బన్ గురించి మాట్లాడటం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఒకే విస్తీర్ణం, ఒకే రకం చెట్లు, లోతులో నాలుగు వేళ్ళ తేడా, అంతే. ఫలితం పూర్తిగా వేరు.

2014 కాలిన ప్రాంతంలో జాంథీ వాకర్, మిషెల్ మాక్ అనే శాస్త్రవేత్తల బృందం రెండు వందలకు పైగా ప్లాట్లలో ఇలా కొలిచింది. పోయిన కార్బన్‌లో సింహభాగం నేలలోదే. చెట్ల కాండాలు చాలావరకు నిలబడే ఉన్నాయి. మంట చెట్ల తలల మీదుగా దూకుతూ పోతున్న వీడియోలు చూసి కార్బన్ అక్కడే పోతోందనుకుంటాం కానీ, సూదులూ సన్న కొమ్మలే తప్ప కాండం పెద్దగా కాలదు. వార్తల కెమెరాలు వెళ్ళిపోయాక రోజుల తరబడి మంట లేకుండా, పొగలు కక్కుతూ నేలలో రాజుకునే నిప్పే ఎక్కువ తినేస్తుంది.

వయసు చెప్పే పరీక్ష

లోతు తెలిసింది, బరువు తెలిసింది. కాలిన పొర వడ్డీనా అసలా అన్నది ఇంకా తేలలేదు. దానికి రేడియోకార్బన్ పరీక్ష కావాలి.

పద్ధతి ఇలా ఉంటుంది. కాలిన నేల నుంచి సేంద్రియ పొరని కోర్‌గా, అంటే పొరలు చెదరకుండా నిలువు ముక్కగా, తీస్తారు. అందులో పైన మిగిలిన భాగానికి, అంటే నిప్పు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి పదార్థానికి, రేడియోకార్బన్ వయసు చూస్తారు. అణుపరీక్షల వల్ల 1950ల మధ్య నుంచి గాల్లో రేడియోకార్బన్ ఒక్కసారిగా పెరిగి, 1960ల తొలి ఏళ్ళలో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆ గుర్తు నాచులోనూ ఉంటుంది కాబట్టి గత అరవై, డెబ్భై ఏళ్ళ పదార్థాన్ని పట్టుకోవడం తేలిక. ఇక ఆ ప్లాటులో చెట్ల వయసు వార్షిక వలయాలు లెక్కపెడితే తెలుస్తుంది. నిప్పు తర్వాతే ఆ చెట్లన్నీ ఒక్కసారిగా మొలిచాయి కనుక, చెట్ల వయసే గత నిప్పు తేదీ.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టాలి. మిగిలిన నేల ఉపరితలం చెట్ల కంటే చిన్నదైతే, గత నిప్పు తర్వాత పేరుకున్నదాంట్లో కొంత ఇంకా ఉన్నట్టు. అసలు క్షేమం. ఉపరితలం చెట్ల కంటే ముసలిదైతే, ఈ నిప్పు కొత్త పొరని మొత్తం తినేసి పాత నిల్వలోకి దిగినట్టు. ఈ తర్కంలో నాకు నచ్చేది దాని తేటదనం. మోడల్ అవసరం లేదు, ఊహ అవసరం లేదు. రెండు తేదీలు చాలు.

ఫలితం 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. వాయవ్య బోరియల్ ప్రాంతంలో నిప్పు తిరిగి వచ్చే వ్యవధి చారిత్రకంగా 70 నుంచి 130 ఏళ్ళు. ఆ వ్యవధి దాటిన ముదురు అడవుల్లో లెగసీ కార్బన్ కాలిన ఆనవాళ్ళు ఎక్కడా దొరకలేదు. నిప్పు ఎంత తీవ్రంగా వచ్చినా వాటి పైపొర కవచంలా పనిచేసింది. 60 ఏళ్ళు కూడా నిండని, పొడి నేలల మీద ఉన్న అడవుల్లో మాత్రం పాత నిల్వ కాలింది. 2014లో కాలిన మొత్తంలో ఇలాంటి లేత అడవులు 3.4 లక్షల హెక్టార్ల దాకా ఉన్నాయని, అక్కడ లెగసీ కార్బన్ కాలి ఉండవచ్చని వాళ్ళ అంచనా.

3.4 లక్షలంటే 28.5 లక్షల్లో పన్నెండు శాతం. తక్కువే కదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మిగతా చోట్ల పోయినది తిరిగి వచ్చే అవకాశం ఉంది, ఈ పన్నెండు శాతంలో అడవి ఒక నిప్పు నుంచి ఇంకో నిప్పుకి వెళ్ళేసరికి నికరంగా కార్బన్‌ని కోల్పోయే దశలోకి మారింది. పైగా ఈ వాటా అలాగే ఉండదు. 2014లో కాలిన 28.5 లక్షల హెక్టార్లూ ఆ రోజు నుంచి లేత అడవులే. 2074 దాకా అవి ఆ 60 ఏళ్ళ గీతకి ఇవతలే ఉంటాయి. పెద్ద నిప్పు ఏటా వస్తూ పోతే లేత అడవుల విస్తీర్ణం దానంతట అదే పెరుగుతుంది.

మోడల్‌లో ఇది ఎక్కడ జారిపోతుంది

కెనడా అటవీ విభాగం తయారుచేసిన సీబీఎం-సీఎఫ్ఎస్3 అనే మోడల్‌ని జాతీయ స్థాయి లెక్కలకీ, ప్రాజెక్టు స్థాయి లెక్కలకీ విరివిగా వాడతారు. నాకు దాని మీద గౌరవం ఉంది. ప్రతి అడవి ముక్కనీ 21 కార్బన్ పూల్స్‌గా, అంటే కాండం, వేళ్ళు, నేల లాంటి విడి నిల్వలుగా విడదీసి, ఏటా ఏ పూల్ నుంచి ఏ పూల్‌కి ఎంత వెళ్ళిందో రాసి పెడుతుంది. ఎక్కడ ఏం జరిగిందో వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు.

కానీ ఈ కేసు దగ్గరికి వచ్చేసరికి దానిలో మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. మొదటిది, లెక్క మొదలయ్యే ముందు మోడల్ నేలలోని నిల్వని ఎలా నింపుతుందన్నది. మనం ఇచ్చిన సగటు వ్యవధి ప్రకారం అడవిని పెంచి, కాల్చి, మళ్ళీ పెంచి, మళ్ళీ కాల్చి, నెమ్మదిగా కుళ్ళే పూల్ స్థిరపడేదాకా తిప్పుతుంది. అంటే గతంలో నిప్పు ఆ వ్యవధిలోనే వచ్చిందన్నది ఆ ప్రారంభ నిల్వలోనే ఇమిడి ఉంటుంది. ఆ అంకెని ఎవరో ఎప్పుడో పెట్టిన డిఫాల్ట్‌గా వదిలేస్తే, నేల కార్బన్ మొత్తం దాని మీదే ఆధారపడిందని చాలామంది గమనించరు. నా దగ్గరికి సమీక్షకి వచ్చే ఫైళ్ళలో నేను మొదట తెరిచేది ఆ పేజీనే.

రెండోది, నిప్పు వచ్చినప్పుడు ఏ పూల్ నుంచి ఎంత శాతం గాల్లోకి పోతుందో ఒక పట్టికలో ముందే రాసి ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి ఆ పట్టిక మారుతుంది. కానీ 40 ఏళ్ళ పొడి నేల అడవికీ, 120 ఏళ్ళ తడి నేల అడవికీ వేర్వేరు శాతాలు మనంతట మనం పెడితే తప్ప రావు. పూల్స్‌ని కుళ్ళే వేగాన్ని బట్టి విడదీశారు, సెంటీమీటర్ల లోతుని బట్టి కాదు. నిప్పు ఎంత దిగిందన్నది ఆ భాషలో చెప్పడం కష్టం. నాచు, పీట్ (తడి నేలల్లో సగం కుళ్ళి పేరుకున్న మొక్కల పదార్థం) లెక్కలు కూడా మూల మోడల్‌లో విడిగా లేవు, వాటికోసం తర్వాత వేరే మాడ్యూళ్ళు వచ్చాయి.

మూడోది పెరుగుదల. కలప దిగుబడి పట్టికల నుంచి తీసిన వక్రరేఖల ప్రకారం చెట్లు పెరుగుతాయి. ఆ పట్టికలు గత వాతావరణంలో పెరిగిన చెట్లని కొలిచి చేసినవి. రేపటి కరువులో అదే వేగంతో పెరుగుతాయని వాటిని అడిగితే అవునంటాయి.

ఇవి మోడల్ లోపాలని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. వాడేవాళ్ళు చేతితో సరిచేసుకోవాల్సిన చోట్లు ఇవి. అడవి వయసు మ్యాపుని, నేల పారుదల మ్యాపుని ఒకదాని మీద ఒకటి పెట్టి, లేత వయసూ పొడి నేలా కలిసిన చోట్లని విడి తరగతిగా తీసి, వాటికి వేరే నిప్పు పట్టిక రాస్తే చాలు. లెక్క నిజానికి చాలా దగ్గరగా వస్తుంది.

నిప్పు తర్వాత ఏం మొలుస్తుంది

నల్ల స్ప్రూస్ కాయలు కొమ్మ చివర గుత్తులుగా, జిగురుతో సగం మూసుకుని ఉంటాయి. నిప్పు వేడికి తెరుచుకుని గింజలు రాలుస్తాయి. చెట్టు కాయలు కాసే వయసుకి రాకముందే రెండోసారి నిప్పు వస్తే రాల్చడానికి గింజలే ఉండవు. వాయవ్య కెనడాలో 17 ఏళ్ళ లోపు రెండుసార్లు కాలిన చోట్లని, ఎక్కువ వ్యవధి తర్వాత కాలిన చోట్లని జతలుగా చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. రెండుసార్లు కాలిన చోట కోనిఫర్ (స్ప్రూస్, పైన్ లాంటి సూదాకుల చెట్లు) మొలకలు బాగా తగ్గాయి, సేంద్రియ పొర పలచబడింది, నేల బయటపడింది.

ఉత్తర అమెరికా మొత్తం మీద 1,538 చోట్ల డేటాని కలిపి 2021లో చేసిన విశ్లేషణలో, కాలిన నల్ల స్ప్రూస్ అడవుల్లో 38 శాతం చోట్ల ఆ చెట్టు ఆధిపత్యం పోయింది. 18 శాతం చోట్ల అసలు మొలవలేదు. సేంద్రియ పొర లోతుగా కాలి ఖనిజ మట్టి బయటపడితే ఆస్పెన్, బర్చ్ లాంటి ఆకురాల్చే చెట్లకి అనువు. వాటి గింజలు చిన్నవి, గాలికి దూరం నుంచి వస్తాయి, మట్టి మీద పడితే వేళ్ళూనుకుంటాయి.

ఇక్కడ కథ నేను ఊహించినంత చీకటిగా లేదని చెప్పడం న్యాయం. అలాస్కాలో 2004లో 27 లక్షల హెక్టార్లు కాలాయి. మిషెల్ మాక్ బృందం ఆ చోట్లని ఏళ్ళ తరబడి గమనించింది. స్ప్రూస్ స్థానంలో ఆకురాల్చే చెట్లు వచ్చిన చోట, నిప్పు నుంచి నిప్పు దాకా పూర్తి చక్రంలో కార్బన్ నిల్వ స్ప్రూస్ అడవితో పోలిస్తే సుమారు 5 రెట్లు ఉంటుందని తేల్చింది. పోయింది నేలలోది, వచ్చింది కాండాల్లోకి. ఆ చెట్లు స్ప్రూస్ కంటే తొందరగా పెరుగుతాయి, వాటి ఆకుల్లో తేమ ఎక్కువ కాబట్టి నిప్పు కూడా అంత తేలిగ్గా పాకదు.

ఇది చూసి కొందరు సమస్య తీరిపోయిందంటారు. నాకు అంత నమ్మకం లేదు. నేలలో, చల్లటి నాచు కింద వందల ఏళ్ళు ఉండగలిగిన కార్బన్‌కీ, కరువుకో పురుగుకో పడిపోగల కాండంలోని కార్బన్‌కీ భద్రత ఒకటి కాదు. పైగా నాచు పొర కింది పర్మాఫ్రాస్ట్‌కి, అంటే ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలకి, దుప్పటి. అది కాలిపోతే వేసవిలో నేల మరింత లోతుగా కరుగుతుంది. గడ్డకట్టి ఉన్న ఇంకా పాత కార్బన్ కుళ్ళడం మొదలవుతుంది. నీళ్ళు నిలిచిన చోట మీథేన్ వస్తుంది. ఈ కరగడం నిప్పు ఆరిన రోజుతో ఆగిపోదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. కాబట్టి నిప్పు సీజన్ ఉద్గారాల్లో ఇది కనిపించదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నల్లటి కోనిఫర్లు పోయి మంచు బయటపడితే చలికాలం, వసంతకాలాల్లో ఎండ వెనక్కి తిరిగిపోతుంది, ఆ మేరకి ప్రాంతం చల్లబడుతుంది. అలాస్కాలో 1999లో కాలిన ఒక చోట లెక్కకట్టి, ఎనభై ఏళ్ళ సగటు తీస్తే ఈ చల్లదనం ఉద్గారాల వేడిని మించవచ్చని 2006లో సైన్స్ పత్రికలో చూపించారు. కార్బన్ ఒక్కటే చూసేవాళ్ళు దీన్ని మర్చిపోకూడదు. అయితే లోతుగా కాలిన చోట, పర్మాఫ్రాస్ట్ ఉన్న చోట ఆ తూకం ఎటు మొగ్గుతుందో చోటుని బట్టి చూసుకోవాల్సిందే.

ఎండ, పిడుగు, పురుగు

2014లో అంత లోతుగా ఎందుకు కాలింది? కెనడా నిప్పు వాతావరణ సూచీలో డ్రౌట్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. పైన రాలిన సూదుల తేమ గంటల్లో మారిపోతుంది. లోతైన పొర తేమ మారడానికి యాభై రోజుల పైనే పడుతుంది. ఆ లోతైన పొర సంగతి చెప్పేది డ్రౌట్ కోడ్. ఒక వానకి అది దిగదు. వారాల తరబడి ఎండ కాస్తే, పైన వాన పడి పచ్చగా కనిపిస్తున్నా లోపల పొర కాలడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ఏడాది కరువుకి పిడుగులు తోడయ్యాయి. కాలిన విస్తీర్ణంలో అత్యధికం పిడుగుల వల్ల అంటుకున్నదే.

లోతుగా దిగిన నిప్పు ఒక్కోసారి మంచు కింద కూడా ఆరదు. నివురుగప్పిన నిప్పులా చలికాలమంతా పీట్‌లో రాజుకుంటూ ఉండి, వసంతంలో మంచు కరగగానే పైకి వస్తుంది. అలాస్కా, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో 2002 నుంచి 2018 దాకా కాలిన విస్తీర్ణంలో వీటి వాటా 0.8 శాతమే. కానీ బాగా వేడిగా ఉండి, లోతుగా కాలిన వేసవుల తర్వాతే ఇవి ఎక్కువగా వస్తున్నాయి. పిడుగుల కాలం కంటే ముందే మొదలవుతాయి కాబట్టి, ముందటేడు కాలిన అంచుల్ని వసంతంలో ఉపగ్రహంతో చూస్తే పట్టుకోవచ్చు. తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది.

పురుగు సంగతి క్లుప్తంగా. పశ్చిమ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు 1990ల చివర నుంచి విజృంభించింది. మైనస్ 40 డిగ్రీల చలి వస్తే లార్వాలు చస్తాయి, ఆ చలి రావడం తగ్గిపోయింది. 2000–2020 మధ్య ఆ ఒక్క పురుగు వల్ల 27 కోట్ల టన్నుల కార్బన్ నష్టం ఉంటుందని 2008లో నేచర్‌లో అంచనా వేశారు. అక్కడ దానికి బలైంది ప్రధానంగా కొండ ప్రాంతపు లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు. తర్వాత ఆ పురుగు రాకీ పర్వతాలు దాటి ఆల్బర్టాకి వచ్చి, బోరియల్ అడవి చెట్టైన జాక్ పైన్‌లో కూడా కనిపించింది. నిప్పుతో తేడా ఏమిటంటే, పురుగు చంపిన చెట్టులో కార్బన్ వెంటనే పోదు, ఏళ్ళ తరబడి కుళ్ళుతూ పోతుంది. లెక్కల్లో ఇది ఆలస్యంగా తేలుతుంది.

2023 తర్వాత ఈ కేసు బరువు

2023లో కెనడా మొత్తం మీద సుమారు 1.5 కోట్ల హెక్టార్లు కాలాయి. మొదట 1.8 కోట్లకి పైన అన్నారు. ఉపగ్రహ చిత్రాలతో చెరువులూ, మంటల మధ్య మిగిలిన పచ్చటి దీవులూ తీసేశాక తగ్గింది. మే నుంచి సెప్టెంబరు దాకా 64.7 కోట్ల టన్నుల కార్బన్ విడుదలైందని ఉపగ్రహ కొలతల ఆధారంగా 2024లో తేల్చారు. ఆ ఏడాది అంతకంటే ఎక్కువ శిలాజ ఇంధన ఉద్గారాలున్న దేశాలు చైనా, అమెరికా, ఇండియా మాత్రమే. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని యెల్లోనైఫ్‌ని ఆగస్టులో ఖాళీ చేయించారు. దేశమంతటా రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి వెళ్ళారు, నిప్పుతో పోరాడుతూ మనుషులు చనిపోయారు.

కెనడా జాతీయ నివేదికలో నిర్వహణలో ఉన్న అడవుల లెక్కని రెండుగా విడదీస్తారు. మనుషుల పనుల వల్ల జరిగింది ఒకవైపు, నిప్పు, పురుగు లాంటి సహజ కారణాలు మరోవైపు. దేశ లక్ష్యాలకి మొదటిదే లెక్క. మనుషుల చేతిలో లేనిదాన్ని వాళ్ళ ఖాతాలో వేయకూడదన్న వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ రెండో వరసని పత్రాల్లో చివర ఎక్కడో పెట్టి చదవకుండా వదిలేయడం నన్ను నిజంగా బాధపెడుతుంది. వాతావరణానికి ఈ రెండు ఖాతాల తేడా తెలియదు. నా నివేదికల్లో రెండు అంకెలూ ఒకే పట్టికలో, పక్కపక్కనే వేస్తాను.

కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టులు చూసేవాళ్ళకి ఒక మాట. నిప్పు వస్తే పూడ్చడానికి క్రెడిట్లలో కొంత వాటాని బఫర్‌గా పక్కన పెడతారు. ఆ వాటాని పాత నిప్పు రికార్డుల మీద నిర్ణయిస్తే 2014, 2023 లాంటి సీజన్లకి అది చాలదు. ప్రాజెక్టు హద్దుల్లో 60 ఏళ్ళ లోపు అడవి ఎంత, అందులో పొడి నేల ఎంత అని అడగండి. ఈ ప్రశ్నకి జవాబు లేని ప్రతిపాదన మీద నేను సంతకం పెట్టను.

నిప్పు ఆర్పే విధానంలోనూ మార్పు మొదలైంది. మనుషులూ ఆస్తులూ లేని చోట నిప్పుని గమనిస్తూ వదిలేయడం ఉత్తరాన మామూలు పద్ధతి. 2023లో అలాస్కాలోని యూకాన్ ఫ్లాట్స్ వన్యప్రాణి ఆశ్రయంలో 16 లక్షల ఎకరాలకి ఆ పద్ధతి మార్చారు. అక్కడ యెడోమా అనే, మంచు నిండిన పర్మాఫ్రాస్ట్ ఉంది, అందులోని కార్బన్‌ని కాపాడటం కోసం నిప్పుని ముందే అడ్డుకోవాలన్నది నిర్ణయం. అలాస్కాలో నిప్పు ఆర్పడం మీద అదనంగా పెట్టే ఖర్చు, ఆపగలిగిన కార్బన్ డయాక్సైడ్ టన్నుకి సగటున 13 డాలర్ల లోపే ఉంటుందని 2022లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. చాలా ఇతర మార్గాల కంటే ఇది చవక.

అయినా అన్నిచోట్లా ఆర్పడం కుదరదు, కుదిరినా మంచిది కాదు. ముదురు అడవి కాలితే పాత నిల్వ మిగులుతుందని 2014 చూపించింది, అక్కడ నిప్పుని దాని దారిన పోనివ్వచ్చు. బృందాల్ని పంపాల్సింది లేత అడవికి, పొడి నేలకి, మంచు ఎక్కువున్న పర్మాఫ్రాస్ట్‌కి. ఊళ్ళకి ముప్పు ఉంటే ఆ బృందాలు ఊళ్ళకే వెళ్ళాలి, అందులో రెండో మాట లేదు. మిగిలిన బలగం ఎటు వెళ్ళాలన్నది పొగ లేచాక తేల్చుకునే విషయం కాదు. డ్రౌట్ కోడ్ ఎక్కడ దాటితే పంపాలో కూడా రాసి, ఆ మూడు పొరలున్న మ్యాపుని వసంతం రాకముందే డ్యూటీ ఆఫీసరు చేతికి ఇవ్వాలి.